సాయంత్రం క్లాసులో ‘రేపట్నుంచి రావొద్దు’ అనొద్దు

నాలుగుంబావుకు బడి గంట కొడతారు. చాలామంది పిల్లలకు అది ఇంటికి వెళ్లే గంట. మా తెలుగు బడిలో సగం మందికి మాత్రం సాయంత్రం క్లాసు మొదలయ్యే గంట. మేం పనిచేసేది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా హోసూరు వైపు. ఇక్కడి తల్లులు కొందరు సిప్‌కాట్ కంపెనీల్లో షిఫ్టులకు వెళతారు. కొందరు గులాబీ తోటల్లో, టమాటా తోటల్లో కూలికి వెళతారు. తండ్రులు లారీల మీదో, కట్టడం పనుల మీదో ఉంటారు. ఇంటి తాళంచెవి ఉన్న మనిషి ఏడింటికి గానీ ఇల్లు చేరరు. అందుకే ఆరింటి వరకు పిల్లల్ని బడిలోనే ఉంచి, హోంవర్కు చేయించి, వెనకబడిన పాఠం మళ్లీ చెప్పి పంపుతున్నాం.

ఇలాంటి క్లాసులు ఒక్క మా దగ్గరే లేవు. కొన్నిచోట్ల యాజమాన్యాలు నడుపుతున్నాయి, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థులు. తమిళనాడు ప్రభుత్వం కరోనా తర్వాత, 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ పథకం పెట్టి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట వాలంటీర్ల చేత చదువు చెప్పించింది. షోలాపూర్‌లో మగ్గాలు, బీడీల పని ఉన్న తెలుగు ఇళ్లలోనూ, బరంపురం, బళ్లారి వైపు ఇళ్లలోనూ సాయంత్రం పిల్లల్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న ఇలాంటిదే.

సాయంత్రం ఏం చెప్పాలన్న దాని మీద సలహాలకు కొదవ లేదు. అల్లరి చేసినవాణ్ని ఏం చేయాలన్న దగ్గరే అందరం తడబడతాం. పగటి బడిలో హాజరు పట్టీ ఉంది, మార్కులున్నాయి, హెడ్మాస్టరు గది ఉంది. సాయంత్రం క్లాసుకు ఇవేవీ లేవు. వచ్చేది పిల్లవాడి ఇష్టం, పంపేది తల్లిదండ్రుల ఇష్టం. దాంతో విసిగిపోయిన టీచరు నోట ఒక మాట సులువుగా వచ్చేస్తుంది: “నీకు చదువు వద్దు, రేపట్నుంచి రావొద్దు.”

ఆ మాట సాయంత్రం క్లాసులో అనకూడదన్నదే ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది. బయటికి పంపితే వాడు వెళ్లేది తాళం వేసిన ఇంటికి. లేదంటే రోడ్డు పక్క టీ కొట్టు దగ్గరికి, ఎవరి చేతిలోనో ఉన్న ఫోను దగ్గరికి. ఏ పిల్లవాడి కోసం క్లాసు పెట్టామో వాణ్నే బయటికి పంపి, నెమ్మదిగా కూర్చుని చదువుకోగలిగిన వాళ్లను మాత్రం ఉంచుకుంటే ఆ క్లాసు ఎవరి కోసం? కొట్టకుండా, బయటికి పంపకుండా క్రమశిక్షణ ఎలా నిలపాలో మా బడిలో చేస్తున్న పద్ధతి ఇక్కడ చెబుతున్నాం.

ముందు కడుపు, తర్వాత కాళ్లు, ఆపైన పుస్తకం

మధ్యాహ్న భోజనం ఒంటిగంట లోపే అయిపోతుంది. తమిళనాడులో 2022 సెప్టెంబరులో మొదలైన ఉదయం అల్పాహార పథకం ప్రాథమిక తరగతులకు ఉద్దేశించింది. పై తరగతుల పిల్లల్లో పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చేవాళ్లు కొందరుంటారు. అలాంటి పిల్లవాడు నాలుగున్నరకు ఎలా ఉంటాడు? మూడున్నర గంటలుగా ఏమీ తినలేదు. రోజంతా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మళ్లీ కూర్చోమంటే ఒళ్లు వినదు. పక్కవాణ్ని గిల్లుతాడు, పెన్ను విసురుతాడు. దానికి మనం అల్లరి అని పేరు పెడతాం.

మా క్లాసులో మొదటి ఇరవై అయిదు నిమిషాలు పుస్తకం తెరవం. పది నిమిషాలు తిండి. ఉలవ గుగ్గిళ్లో, శనగలో, బొరుగుల్లో వేరుశనగలు కలిపో తలా ఒక గుప్పెడు పెడతాం. వారానికి ఇద్దరు తల్లిదండ్రులు వంతు వేసుకుని సరుకు ఇస్తారు. ఇవ్వలేని ఇంటివాళ్లు శుక్రవారం వచ్చి వడ్డిస్తారు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో పిల్లలకు తెలియనివ్వం. తర్వాత పదిహేను నిమిషాలు ఆట. కబడ్డీ, ఖోఖో, తొక్కుడు బిళ్ల, ఏదైనా సరే. టీచరు కూడా మైదానంలోనే ఉండాలి. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరు కుంటుతున్నారో, ఎవరు ఒంటరిగా గోడ పక్కన నిలబడ్డారో అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత అరగంట హోంవర్కు, అరగంట వెనకబడిన పాఠం, చివరి పది నిమిషాలు కథో పాటో. వరస రోజూ ఇదే. మార్చం. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన పిల్లవాడు సగం నెమ్మదిస్తాడు. ఈ వరస పెడితే అల్లరి మొత్తం పోతుందని అనం. ఆకలి వల్ల, కదలిక లేక పుట్టే అల్లరి మాత్రం పోతుంది. మిగిలిన అల్లరి ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు స్పష్టంగా కనబడుతుంది.

మొండితనమా, చదవడం రాకా?

మన బడుల పిల్లల నెత్తిన ఉన్నన్ని భాషలు వేరే బడుల పిల్లలకు ఉండవు. హోసూరు పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, సంతలో తమిళం, కొన్ని వీధుల్లో కన్నడం. బడిలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు లిపులు రాయాలి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా మైనారిటీలు కోర్టుల దాకా వెళ్లిన సంగతి ఈ పేజీ పాఠకులకు తెలిసిందే. యానాం టీచర్లకు ఈ చిక్కు ఉండదు, అక్కడ బడి బయటి భాష కూడా తెలుగే. మిగతా చోట్ల పేర్లు మారతాయి గానీ బరువు ఒకటే. బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ, బళ్లారిలో కన్నడం.

ఈ బరువు సాయంత్రం పూట అల్లరి రూపంలో బయటపడుతుంది. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె తమిళం వాచకం తీయగానే మంచినీళ్లంటుంది. పది నిమిషాలకు మళ్లీ మంచినీళ్లు. తర్వాత పెన్సిలు ముల్లు విరుగుతుంది, తర్వాత కడుపునొప్పి. లెక్కల వేళ మాత్రం ఏ నొప్పీ లేదు. వారం రోజులు గమనించి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి చదివిస్తే అసలు సంగతి తెలిసింది. తెలుగులో క, ఖ, గ, ఘ వేర్వేరు అక్షరాలు. తమిళంలో ఒకే అక్షరం చోటును బట్టి ‘క’గానూ ‘గ’గానూ పలుకుతుంది. ‘త’, ‘ద’ల సంగతీ అంతే. రాసినదాన్ని రాసినట్టు పలకడం తెలుగులో నేర్చుకున్న పిల్ల తమిళంలోనూ అలాగే చదివింది, క్లాసులో పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి మంచినీళ్లే దారి.

ఆ పిల్లకు కావలసింది మందలింపు కాదు. రోజుకు పది నిమిషాలు, నవ్వేవాళ్లు లేని చోట, పదం మొదట్లో ఒక పలుకు, మధ్యలో ఒక పలుకు అని విడదీసి చెప్పే మనిషి కావాలి. అల్లరి చేసిన పిల్లవాడి విషయంలో మేం మూడు సంగతులు రాసి పెట్టుకుంటాం: ఏ పాఠం వేళ, ఏ సమయంలో, ఎవరి పక్కన కూర్చున్నప్పుడు. రెండు వారాల తర్వాత ఆ కాగితం చూస్తే చాలాసార్లు సమాధానం దానిలోనే ఉంటుంది.

పిల్లవాడు మాట్లాడే భాషను తప్పుగా చూసి శిక్షించడం మాత్రం ఏ బడిలోనూ పనికిరాదు. ఇంగ్లీషు వేళ తెలుగు మాట పలికితే జరిమానా, తెలుగు వేళ తమిళం పలికితే బెంచీ ఎక్కించడం ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి. నాలుగు భాషల మధ్య బతికే పిల్లవాడికి నోరు తెరవడమే తప్పని నేర్పితే, రేపు వాడు ఏ భాషలోనూ ప్రశ్న అడగడు.

‘మనది మైనారిటీ బడి, మనకు వర్తించదు’ అనేవారికి

చట్టం సంగతి తెలుసుకోవడం అవసరం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదని, మానసికంగా వేధించకూడదని చెబుతోంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి చదువు పూర్తయ్యే దాకా బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వెసులుబాటు ఇచ్చినా, తీసేయకూడదన్న మాటను అలాగే ఉంచింది. అదే చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటోంది. కాబట్టి సాయంత్రం క్లాసు పేరుతో టీచరు సొంతంగా ఫీజు వసూలు చేయకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పిచ్చింది. దాన్ని చూపించి మన యాజమాన్యాల్లో కొందరు “మాకు ఆ గొడవ లేదు” అంటారు. అది సరికాదు. ప్రభుత్వం నడిపే తెలుగు మాధ్యమ బడులకు విద్యాహక్కు చట్టం మామూలుగానే వర్తిస్తుంది. మైనారిటీ యాజమాన్యంలోని బడులకైనా 2015 నాటి బాలల న్యాయ చట్టం నుంచి మినహాయింపు లేదు. తన అధీనంలో ఉన్న బిడ్డను కొట్టినా, అనవసరంగా బాధపెట్టినా ఆ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. సాయంత్రం క్లాసు వాలంటీరుకూ ఇది వర్తిస్తుంది, టీచరుకూ వర్తిస్తుంది.

చట్టం భయంతోనే బెత్తం పక్కన పెట్టాలని మేం అనడం లేదు. మన భాషలో ఈ మాట ఎప్పుడో చెప్పినవారున్నారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసి, పిల్లల్ని కొట్టి భయపెట్టి పెంచే పద్ధతిని నిలదీశారు. 1950 నుంచి 1979లో కన్నుమూసే దాకా ఆయన ఉన్నది ఈ తమిళనాడులోనే, తిరువణ్ణామలైలో. ఆ పుస్తకం మన బడి లైబ్రరీల్లో ఉండదగింది.

మూడు నియమాలు, నాలుగు మెట్లు

నియమాలు ఎక్కువైతే పిల్లలకు గుర్తుండవు, పెద్దలకు అమలు చేయడం చేతకాదు. మా క్లాసులో మూడే ఉన్నాయి. ఒకటి, ఎవరినీ కొట్టకూడదు, ఏడిపించకూడదు. రెండు, చెప్పకుండా గేటు దాటకూడదు. మూడు, పాడు చేసింది బాగు చేయాలి. పిల్లలే తెలుగులోనూ తమిళంలోనూ రాసి గోడకు అంటించారు. టీచర్లకూ ఇవే వర్తిస్తాయని మొదటి రోజే చెప్పాం. ఏడిపించకూడదన్న నియమం మా నోటికీ తాళమే. “మొద్దు”, “దున్నపోతు” లాంటి మాటలు ఆ గదిలో వినపడకూడదు.

నియమం దాటినప్పుడు నాలుగు మెట్లు. మొదటి మెట్టు, దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పడం. గది ఆ చివర నుంచి అరిస్తే నలభై మంది తల తిప్పి చూస్తారు, వాడు తగ్గాలన్నా తగ్గలేడు. రెండో మెట్టు, చోటు మార్చడం లేదా పని మార్చడం. మూడో మెట్టు, మాకు కనబడేలా వరండా బల్ల మీద అయిదు నిమిషాలు. నీళ్లు తాగి, ఊపిరి పీల్చుకుని రమ్మంటాం. అయిదు నిమిషాలు కాగానే మేమే పిలుస్తాం. అక్కడ మరచిపోవడం అంటూ ఉండకూడదు. నాలుగో మెట్టు, క్లాసు అయ్యాక మరో టీచరు సమక్షంలో మాట్లాడటం, అవసరమైతే ఇంటికి కబురు. అయిదో మెట్టు లేదు. మర్నాడు నాలుగుంబావుకు మళ్లీ మొదటి మెట్టే. నిన్నటి తప్పు ఇవాళ ఎత్తం.

మూడో నియమం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏడో తరగతి అబ్బాయి ఒకడు కోపంలో అయిదో తరగతి పిల్లవాడి సైన్సు నోటుబుక్కులో రెండు పేజీలు చింపేశాడు. గుంజీలు తీయిస్తే, గోడకుర్చీ వేయిస్తే చిన్నవాడి నోటుబుక్కు బాగుపడుతుందా? “నేను ఇలా చేయను” అని వందసార్లు ఇంపొజిషన్ రాయించినా ఆ కాగితాలు చెత్తబుట్టలోకే. మేం ఆ రెండు పేజీల పాఠం వాడి చేతే బొమ్మలతో సహా రాయించి అంటింపించాం. సరిగా ఉందో లేదో చూసి ఒప్పుకోవలసింది చిన్నవాడు. ఒక బొమ్మ బాగాలేదని వెనక్కి ఇచ్చాడు, పెద్దవాడు మళ్లీ వేశాడు. రెండు సాయంత్రాలు పట్టింది. ఇదీ రాత పనే. అయితే దీని చివర ఒకరి పుస్తకం బాగుపడింది. శిక్షకూ దిద్దుబాటుకూ తేడా అక్కడే ఉంది.

పిల్లల లీడరు సంగతి కూడా చెప్పాలి. టీచరు బయటికి వెళ్లినప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడరు ప్రతి బడిలో ఉంటాడు. మేం ఆ పదవి తీసేశాం. పేరు రాసే అధికారం చేతికొచ్చిన పిల్లవాడు స్నేహితుల పేర్లు రాయడు, పడనివాళ్ల పేర్లే రాస్తాడు. దానికి బదులు వారానికో జట్టు గుగ్గిళ్లు పంచుతుంది, చాపలు వేస్తుంది, బోర్డు తుడుస్తుంది. పని పంచుతాం, పెత్తనం పంచం.

ప్రతి పిల్లవాడికీ ఒక పెద్ద

క్లాసు నిలవాలంటే నియమాలొక్కటే చాలవు. ఆ గదిలో తనను పేరు పెట్టి పిలిచి, నిన్న జరిగింది గుర్తు పెట్టుకుని అడిగే మనిషి ఒకరున్నారని పిల్లవాడికి తెలియాలి. సాయంత్రం క్లాసుకు మేం నలుగురం టీచర్లం, ఈ బడిలోనే చదువుకున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఉన్నాం. పిల్లల్ని ఆరేడుగురి చొప్పున పంచుకున్నాం. ప్రతి ఒక్కరూ తమ పిల్లలతో వారానికోసారి విడిగా అయిదు నిమిషాలు మాట్లాడాలి. అడిగే ప్రశ్నలు మూడే. ఈ వారం ఏది బాగా జరిగింది? ఏది కష్టంగా ఉంది? మేం ఏం చేస్తే బాగుంటుంది? మార్కుల ఊసు ఆ అయిదు నిమిషాల్లో ఎత్తం.

ఈ మాటల్లో బయటపడే సంగతులు బెత్తంతో బయటపడవు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పాఠం మధ్యలో ఈల వేసేవాడు. వాడి పెద్దగా ఉన్న టీచరు మూడు వారాలు అడిగితే ఏమీ లేదన్నాడు. నాలుగో వారం చెప్పాడు. తండ్రి వెన్నునొప్పితో లారీ దిగిపోయాడట. మామిడి సీజన్ వస్తే గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్లి, మళ్లీ బడికి రానని నిశ్చయించుకున్నాడట. ఎలాగూ పోయేవాణ్ని, గెంటేస్తే అమ్మకు జవాబు చెప్పుకోవడం సులువు అన్నది వాడి లెక్క. “రేపట్నుంచి రావొద్దు” అన్న మాట కోసమే వాడు ఈల వేశాడు. ఆ మాట అని ఉంటే వాడి పని సులువయ్యేది.

టీచరు ఇంటికి వెళ్లారు. తల్లికి షిఫ్టు మార్పించుకోవడం కుదిరింది, మేనమామ ఆ మూడు నెలలు ఇంటి ఖర్చుకు నిలబడ్డారు. అబ్బాయి ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు. ఈల ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తాడు.

అన్నీ ఇలాగే ముగియవు. కొందరు పిల్లలు కుటుంబంతో బెంగళూరు వెళ్లిపోయారు. కొందరిని తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియంకు మార్చారు. అది వారి హక్కు. అయితే అల్లరివాడన్న ముద్రతో మాత్రం ఎవరూ టీసీ తీసుకుని వెళ్లకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు అన్నది విద్యాహక్కు చట్టం లెక్క. చిన్న బడిలో నలుగురు పిల్లలు తగ్గితే టీచరు పోస్టు మీదకే వస్తుంది. తెలుగు టీచరు పోస్టు ఒకసారి పోతే తిరిగి రావడం ఎంత కష్టమో సరిహద్దు ఊళ్ల తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

మా చేతిలో లేనివి

సాయంత్రం క్లాసుకు కొన్ని హద్దులుండాలి. పెద్దలు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకూడదు. పిల్లవాడితో విడిగా మాట్లాడేది తలుపు తెరిచి ఉన్న గదిలోనో, అందరికీ కనబడే వరండాలోనో. ఎవరు ఎవరితో ఇంటికి వెళతారో రాసిన పట్టీ ఉండాలి. ఆ పేరు లేని మనిషి వచ్చి తీసుకెళతానంటే ఇంటికి ఫోను చేయకుండా పంపకూడదు.

పిల్లలు కొన్నిసార్లు మేం మోయలేని సంగతులు చెబుతారు. ఇంట్లో దెబ్బలు, చదువు మాన్పించి పెళ్లి చేసే మాటలు, ఎవరో ఒంటి మీద చేయి వేయడం. “ఎవరికీ చెప్పను” అని అప్పుడు మాట ఇవ్వకూడదు. “నీకు మేలు చేయగలవాళ్లకు మాత్రమే చెబుతాను” అనాలి. పిల్లలపై లైంగిక నేరాల విషయం తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. నిజమా కాదా అని మనం విచారణ చేయకూడదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. మా గోడ మీద మూడు నియమాల కింద ఆ నంబరు రాసి ఉంది.

తల్లిదండ్రులతో నాలుగు మాటలు

జూన్‌లో పిల్లవాణ్ని అప్పగిస్తూ చాలామంది అనే మాట ఒకటుంది: “కళ్లు రెండూ వదిలేసి తోలు ఒలిచేయండి సార్.” మీకు మా మీద ఉన్న నమ్మకం ఆ మాటలో ఉందని తెలుసు. పక్కనే నిలబడిన పిల్లవాడికి మాత్రం వేరేగా వినబడుతుంది. ఇంట్లో కూడా నన్ను కాపాడేవాళ్లు లేరనుకుంటాడు. దానికి బదులు వాడి ముందే ఇలా అనండి: “వీడికి ఏదైనా కష్టంగా ఉంటే మాకు చెప్పండి, మేమూ చూస్తాం.”

బడి నుంచి ఫోను వస్తే గుండె ఝల్లుమనే పరిస్థితి పోవాలి. అందుకే ఏడాదిలో మొదటి ఫోను మంచి కబురుతోనే చేయాలని పెట్టుకున్నాం. “మీ అమ్మాయి ఇవాళ చిన్నపిల్లకు చెప్పులు వెతికి పెట్టింది” అన్నంత చిన్న సంగతైనా సరే. ఆ తర్వాత ఎప్పుడైనా ఫిర్యాదు చెప్పవలసి వస్తే మీరు వింటారు, మేం చెప్పగలుగుతాం. ఫిర్యాదు విన్న రాత్రే పిల్లవాణ్ని కొట్టకండి. కొడితే మర్నాటి నుంచి వాడు మాకు ఏదీ చెప్పడు. మేమూ మీకు చెప్పడానికి జంకుతాం.

ఏడింటికి ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, సంగటి కెలికే తల్లిని కూర్చుని చదివించమని అడగం. పిల్లవాడు పక్కన కూర్చున్నప్పుడు ఇవాళ్టి కథ ఏమిటో చెప్పమనండి. తెలుగులో చెప్పమనండి. అయిదు నిమిషాలు చాలు. సాయంత్రం క్లాసు చివర మేం కథ పెట్టింది అందుకే. పిల్లవాడు ఇంటికి మోసుకెళ్లడానికి దెబ్బల లెక్క కాకుండా, మందలింపు కాకుండా, చెప్పుకోదగిన సంగతి ఒకటి ఉండాలి.

బడి యాజమాన్య కమిటీ సమావేశంలో మీరు అడగవలసినవి కూడా ఉన్నాయి. సాయంత్రం క్లాసులో పెద్దలు ఎందరు? తిండి ఏం పెడుతున్నారు? నియమాలు గోడ మీద ఉన్నాయా? ఈ ఏడాది క్లాసు మానేసిన పిల్లలెందరు, వారి ఇళ్లకు ఎవరు వెళ్లారు? ఆఖరి ప్రశ్నను ప్రతి నెలా అడగండి. మా బడిలోనూ అడగండి.